అస్మాకు కలిపిన ఏడాది

షహర్బాను దుబాయ్‌లో, అల్ కుసైస్‌లోని ఒక క్లినిక్‌లో నర్సు. అక్కడ ఎంతకాలం పనిచేసినా నివాసం ఉద్యోగం ఉన్నంతవరకే. అది పోతే ఖలాస్. అందుకే 2003లో అమెరికాలోని ఒక ఆసుపత్రి ఆమె తరఫున శాశ్వత నివాసానికి దరఖాస్తు చేస్తామంటే ఒప్పుకున్నది. భర్త షావలి పేరు, కూతురు అస్మా పేరు అందులోనే చేర్చారు. కూతురికి మాత్రం రెండు నిబంధనలు: పెళ్లి కాకూడదు, పిలుపు వచ్చేనాటికి ఇరవయ్యొకటి నిండకూడదు.

అస్మా అసలు వయసుకు, కాగితాల వయసుకు ఏడాది తేడా. దుబాయ్ ఉద్యోగం ఖాయమైన తొందరలో, నాలుగేళ్ల బిడ్డకు అయిదు నిండాయని చెప్పి ఉదయగిరి బడిలో చేర్పించినది తల్లే. మన వైపు దానిని అబద్ధమని ఎవరూ అనుకోరు. తరువాత బిడ్డను దుబాయ్ తెచ్చుకున్నప్పుడు ఆ తేదీయే పాస్‌పోర్టుకూ ఎక్కింది.

ఏ తేదీ దరఖాస్తుల దాకా వరుస వచ్చిందో అమెరికావారు నెలనెలా ప్రకటిస్తారు. మొదట సాఫీగా సాగిన వరుస 2005లో ఒక్కసారిగా ఏళ్లకు ఏళ్లు వెనక్కి జరిగింది. అప్పుడే, దుబాయ్‌లోనే మందుల షాపులో పనిచేసే తారిఖ్‌కు అస్మాను అడగడానికి అతని తల్లి వజీరాబీ వచ్చింది.

"ఫైలు తేలేదాకా నిఖా మాట వద్దు ఆపా," అన్నది షహర్బాను.

"ఎప్పుడు తేలేది? మావోడి గడ్డం నెరిసినాకనా? అప్పుడు అమెరికా నుంచి రంగు డబ్బా నువ్వే పంపీ!"

అందరూ నవ్వారు. అస్మా ఖాళీ టీ గ్లాసులు తీసుకొని లోపలికి వెళ్లిపోయింది.

మరుసటి ఏడాది వజీరాబీ మళ్లీ వచ్చింది. అదే జవాబు విన్నది. ఆ తరువాత వచ్చినది తారిఖ్ పెళ్లిపత్రిక.

2007 వేసవిలో పిలుపు అందింది, ఇద్దరికే. అంతకుముందు చలికాలంలోనే కాగితాల మీద అస్మాకు ఇరవయ్యొకటి నిండాయి.

"అసలు పుట్టినరోజు చెప్తే?" అన్నాడు షావలి.

"ఎవురికి చెప్తావు? రాయించింది మనమే గదా."

అస్మా అప్పుడు నోరు విప్పింది. "బడికేమో యల్లా యల్లా అని తరిమినావు. పెళ్లికేమో సబర్ సబర్ అని ఆపినావు. ఒక్కటన్నా నా టైముకు జరగనిచ్చినావా అమ్మీ?"

బిడ్డను వదిలి షహర్బాను వెళ్లలేదు. అందుకు అస్మా సంతోషించనూ లేదు.

కొన్నాళ్లకు క్లినిక్‌లో శాంతిప్రియ అనే కొత్త నర్సు చేరింది. గోదావరి పిల్ల. "అమెరికాకి నేనూ పెట్టుకుందామనుకుంటున్నానండీ," అన్నది.

"పిల్లలున్నారా?"

"ఒక్క పాపండి. అమ్మ దగ్గరుందండి. మొన్న జూన్‌లో బళ్లో వేసేశామండి."

"ఎన్నేళ్లు?"

శాంతిప్రియ నవ్వింది. "నాలుగేనండి. అయిదని చెప్పామండి."

"ఈ రోజే ఫోన్ చేసి మార్పించు తల్లీ."

"అదేంటండీ, ఒక్క ఏడాదే కదండీ!"