భద్రాచలం బస్సు, ఒక బల్ల

సోమవారం: భద్రాచలం బస్సు రాలేదు. బుధవారం: వచ్చింది, ఆగలేదు. శుక్రవారం: ఆగింది, నేను ఎక్కకముందే కదిలింది.

శనివారం చర్ల బస్టాండులో ఈ అన్యాయాలను ఫిర్యాదుగా రాస్తున్నాను. పక్కన కూర్చున్న ఒక సన్నటి మనిషి లేచి నిలబడి, "కూసోవచ్చా సార్?" అని అడిగాడు.

"కూర్చునే ఉన్నావు కదయ్యా."

"జైల్ల అలవాటు సార్, నాలుగేండ్లు ఉన్న. నాకు భయమెక్కువ. అందరికీ అర్జీలు రాసిచ్చేటోన్ని, అందుకే ఎవ్వలూ కొట్టలే. ఇప్పుడు భద్రాచలంల సర్కారు ఆఫీసు ముంగట బల్లేసుకొని అదే పని చేద్దామని." నా కాగితం చూశాడు. "చివర్ల రాతపూర్వకంగ జవాబియ్యమని అడగాలె సార్. లేకుంటే చెత్తబుట్టనే."

"బల్లకు అనుమతి వచ్చిందా?"

"మూడుసార్లు అర్జీ పెట్టిన. ఆఫీసోళ్లు ఏం చెప్పలే."

"మరి జవాబు రాసివ్వమని అడిగావా?"

"నా కోసమా? భయమైంది సార్."

అంతలో బస్సు వచ్చింది, ఆగింది కూడా. నేనే ఎక్కలేదు, ఆ సంగతీ నమోదు చేశాను. తరువాత నా ఫిర్యాదు కొట్టివేసి, కొత్త కాగితం మీద ఇలా రాశాను:

"ఈ వ్యక్తికి బల్ల వేసుకొనుటకు అనుమతి ఎందుకు ఇవ్వలేదో పదిహేను రోజులలో రాతపూర్వకంగా తెలియజేయవలెను. బస్సు ఆగినా ఆగకపోయినా, ఆ జవాబు కొరకు నేను స్వయముగా వచ్చెదను."