గ్లౌజుల కింద దురద

బందరు కాలేజీలో జువాలజీ డెమాన్‌స్ట్రేటరుగా చేరిన రెండో ఏట నాకు చేతుల దురద పట్టుకుంది. నాగాయలంక నుంచి వచ్చే చేపల్నీ సొరపిల్లల్నీ ఫార్మలిన్‌లో నిలవ ఉంచడం, ప్రాక్టికల్సు రోజున తీసి విద్యార్థులకు పంచడం నా పని. మొదట వేళ్ల సందుల్లో చర్మం పొడిబారి చిట్లింది. మా హెడ్డుగారు మద్రాసు నుంచి రబ్బరు గ్లౌజులు తెప్పించి ఇచ్చారు. ఇక బాధ తీరిందనుకున్నాను. వారం తిరక్కుండానే నీటిపొక్కులు లేచాయి.

ఆ దురద కూర్చోనిచ్చేది కాదు, నిలబడనిచ్చేది కాదు. బోర్డు మీద బొమ్మ వేస్తూ మధ్యలో ఆపి, చేతులు బల్ల అంచుకి రాసుకునేదాన్ని. అన్నం కలిపితే కారం తగిలి భగ్గుమనేది. చెంచాతో తింటుంటే అమ్మ చూసి, "పక్కింటావిడ అడిగితే వేడి చేసిందని చెప్పు. అంటువ్యాధి అనుకుంటే ఎవరూ మన గడప తొక్కరు," అంది. వేపాకు నూరి పట్టించింది. తగ్గలేదు.

చివరికి మా ల్యాబు అటెండరు గమనించాడు. పదిహేనేళ్లుగా ఒట్టి చేతులతో ఆ సీసాలు కడుగుతున్న మనిషి.

"అమ్మగారూ, ఏవనుకోకండి. గ్లౌజు ఎందాకా ఉంటుందో పొక్కులూ అందాకే ఉన్నాయండి."

"నన్ను కాపాడేదాని మీద నెపం వేస్తావేంటి?" అని కసిరాను.

అతను వెళ్లాక చేతులు చాచి చూసుకున్నాను. మణికట్టు పైన, గీత గీసినట్టు, ఎరుపు ఆగిపోయింది.

ఆ శనివారమే గ్లౌజు ముక్కొకటి సంచిలో వేసుకుని గుడివాడ బస్సెక్కాను. అక్కడి చర్మవ్యాధుల డాక్టరుగారు ఆ ముక్కనీ, పల్చటి ఫార్మలిన్‌లో తడిపిన గుడ్డనీ నా వీపుకి అంటించి, రెండ్రోజులు తడపొద్దన్నారు. ఆ ఊళ్లోనే ఉన్న మా పిన్ని ఇంట్లో దిగాను గానీ, దురదకి కుదురుగా ఉండలేక రైల్వేస్టేషను దాకా నడిచి వెనక్కి రావడం, మళ్లీ బయల్దేరడం. సోమవారం పట్టీలు తీస్తే రెండు చోట్లా ఎర్రటి దద్దుర్లు.

"మీకు రెండూ పడవండీ. లేపనం రాసిస్తాను గానీ, ఆ పని మానకపోతే ఇది తగ్గదు."

బందరు రాగానే అటెండరుతో, "నువ్వన్నదే నిజం. ఊరికే కసిరాను," అన్నాను.

"దానికేవుందండి."

"మరి ఇన్నేళ్లూ నీకెందుకు రాలేదు?"

"ఏవోనండి. రొయ్యల కూర తింటే మాత్రం నాకు మొహం వాచిపోద్దండి."

హెడ్డుగారు నాకు థియరీ క్లాసులు ఇచ్చారు. మూడు నెలల్లో చేతులకు కొత్త చర్మం వచ్చింది. అయినా మనసు ఊరుకునేది కాదు. ప్రాక్టికల్సు గంటకి ల్యాబు గుమ్మం దాకా వెళ్లి, లోపల ఎవరో నా చేపల్ని పంచుతుంటే చూస్తూ నిలబడి, ఆ ఘాటుకి వేళ్లు చిమచిమలాడగానే వెనక్కి తిరిగేదాన్ని.