ట్యాంకులో గాలి నీళ్ళు

ఉద్యోగంలో నా ఆఖరి పోస్టింగు పలాస సర్వీసు సెంటరులో. రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్ళుందనగా, వేసవి మొదట్లో సీనియర్ టెక్నీషియన్‌గా అక్కడ చేరాను. టెక్కలి నుంచి సముద్రం ఒడ్డున ఉద్దానం ఊళ్ళ దాకా ఫ్రిజ్‌లు, ఏసీలు మా సెంటరే చూసేది. నా పైన ఒక సూపర్‌వైజరు, కింద ఇద్దరు టెక్నీషియన్లు. ఫిర్యాదు రాగానే జాబ్ కార్డు రాయాలి. బయలుదేరే ముందు కస్టమరుకి ఫోను చెయ్యాలి. పని అయ్యాక సంతకం తీసుకోవాలి. ముప్పై ఏళ్ళలో ఈ మూడింటిలో ఒక్కటీ తప్పలేదని నాకు కాస్త గర్వంగానే ఉండేది. ఇప్పుడు చెప్పబోయే కేసులో రెండోది కావాలనే తప్పాను.

ఆ ఏడాది జూన్ ఆఖర్లో, పూండి దాటి సముద్రం వైపున్న ఒక ఊళ్ళో డీహ్యూమిడిఫయర్ పెట్టడానికి వెళ్ళాను. గాల్లో తేమ లాగే యంత్రం అది. చిన్న బీరువా అంత ఉంటుంది. లోపలి ఫ్యాను గదిలో గాలిని లాగి చల్లటి కాయిల్ మీదుగా పంపిస్తుంది. గాల్లో తేమ ఆ కాయిల్ మీద నీళ్ళయి కింద ట్యాంకులో పడుతుంది. ఆరిన గాలి బయటికొస్తుంది. మా ప్రాంతంలో ఇళ్ళకి దీన్ని కొనేవాళ్ళు అరుదు.

ఆ ఇంట్లో అవసరం అలాంటిది. ఇంటాయన పేరు దుర్యోధన. కొబ్బరి, జీడితోటల రైతు. రెండు కిడ్నీలూ పాడై ఇంట్లోనే డయాలసిస్ చేయించుకుంటున్నాడు. పొట్టలోకి అమర్చిన గొట్టం గుండా సంచీలో ద్రవం ఎక్కించి, కొన్ని గంటల తర్వాత దింపేసే పద్ధతి అది. రోజుకి నాలుగుసార్లు ఆ పని ఆయన భార్య బృందావతి గారు చేస్తారు. గది గోడలకి బూజు పట్టడం చూసి ఆసుపత్రి నర్సు గట్టిగా చెప్పిందట, ఈ గది ఆరకపోతే ఇన్‌ఫెక్షన్ గొట్టం దారినే లోపలికి పోతుందని. విశాఖలో పనిచేసే వాళ్ళమ్మాయి యంత్రం కొని పంపించింది.

నేను యంత్రం నడిపి చూపించి, తలుపులు, కిటికీ మూసి ఉంచమని చెప్పి, సంతకం తీసుకుని వచ్చేశాను.

మూడు వారాలకి మొదటి ఫిర్యాదు. ఫోనులో ఆవిడ చెప్పిన మాట, "మిసను బాగోనేదు బావూ, నీళ్ళు తక్కువ పడతన్నాయి." జాబ్ కార్డులో నేను దాన్ని 'తేమ సరిగా తీయడం లేదు' అని రాసుకున్నాను. ఫోను చేసి వెళ్ళాను. ఫిల్టరు చూశాను, కాయిల్ చూశాను, క్లాంప్ మీటరుతో కంప్రెసర్ తీసుకుంటున్న కరెంటు కొలిచాను. అన్నీ బాగున్నాయి. తేమ మీటరు గదిలో యాభై రెండు శాతం చూపించింది. సముద్రానికి అంత దగ్గరలో అది చాలా మంచి అంకె. గది ఆరిపోయింది కాబట్టే నీళ్ళు తగ్గాయని ఆవిడకి వివరించాను. ఆవిడ శ్రద్ధగా విని ఒక ప్రశ్న వేశారు. "అయితే బయట గాలొత్తే నీళ్ళెక్కువ పడతాయేటి?" పడతాయమ్మా, అందుకే కిటికీ తియ్యొద్దన్నాను అని జవాబు చెప్పాను. తెలివైన ప్రశ్న వేశారని లోపల మెచ్చుకున్నాను కూడా.

ఆగస్టులో రెండో ఫిర్యాదు. యంత్రం నడుస్తూ నడుస్తూ ఆగిపోతోంది. ఈసారీ ఫోను చేసే వెళ్ళాను. కంప్రెసర్ వేడెక్కితే దాన్ని ఆపేసే ఓవర్‌లోడ్ అనే చిన్న పరికరం ఉంటుంది. అదే ఆపేస్తోంది. ఫిల్టరు తీస్తే ఉప్పు చెమ్మతో అట్ట కట్టి ఉంది, దానికి సన్నటి ఇసుక అంటుకుని ఉంది. కడిగి ఆరబెట్టి పెట్టాను, యంత్రం నడిచింది. కానీ గోడ మీద మళ్ళీ నల్లటి చుక్కలు కనిపించాయి. తేమ డెబ్బై ఎనిమిది. సెంటరుకి తిరిగొచ్చాక సూపర్‌వైజరు, శుభ్రం చేశావు కదా, కార్డు మూసెయ్యమన్నాడు. ఆయనకి నెలాఖరు లెక్కలు. మూయనన్నాను. మూసి ఉన్న గదిలోకి ఇసుక ఎలా వచ్చిందో తెలిసేదాకా అది నా పెండింగ్ కేసే అన్నాను. నా మొండితనం ఆయనకి అలవాటే, విసుక్కుని ఊరుకున్నాడు.

రెండు రోజులాగి, మధ్యాహ్నం పూట, ఫోను చెయ్యకుండా వెళ్ళాను. గది కిటికీ బార్లా తెరిచి ఉంది. రెక్క కొట్టుకోకుండా కొబ్బరి డొక్క అడ్డం పెట్టారు. సముద్రం గాలి రివ్వున లోపలికి కొడుతోంది. యంత్రం పూర్తి వేగంతో తిరుగుతోంది. పాపం, అది ఊరి గాలినంతా ఆరబెట్టే ప్రయత్నంలో ఉంది. దుర్యోధన మంచం మీద కూర్చుని నన్ను చూసి నవ్వాడు. లోపలి నుంచి బృందావతి గారు గబగబా వచ్చి కిటికీ మూశారు.

నాకు కోపం తొందర. ఎన్నిసార్లు చెప్పాలమ్మా అని గొంతు పెంచాను. ఆవిడ తడబడలేదు. డయాలసిస్ చేసేటప్పుడు కిటికీ మూసే ఉంచుతున్నాననీ, నర్సు చెప్పింది ఒక్కటీ తప్పలేదనీ అన్నారు. మిగతా వేళల్లో ఎందుకు తీస్తున్నారని అడిగాను.

"నీళ్ళకి బావూ. మూసేత్తే అర లీటరు కూడా పడవు. ఈయనకి రోజుకి లీటరు కావాల గదా."

నాకు అర్థం కాలేదు. ఆవిడ వంటింట్లోకి తీసుకెళ్ళి చూపించారు. మూత పెట్టిన స్టీలు బిందె, దాని మీద తెల్లటి గుడ్డ. ట్యాంకులో నీళ్ళు ఆ గుడ్డలో వడకట్టి, కాచి, చల్లార్చి, డాక్టరు చెప్పిన కొలత ప్రకారం మొగుడికి పోస్తున్నారు. యంత్రం వచ్చిన రెండో వారం నుంచీ అదే పని. ఆడపడుచు కూడా తనకో సీసా ఇమ్మని అడుగుతోందట.

ఎవరు చెప్పారమ్మా ఇవి తాగొచ్చని, అన్నాను.

"నువ్వే గదా సెప్పినావు. బోరు నీళ్ళకన్నా ఇయ్యే సుబ్బరం, గాల్లోంచి వచ్చినాయి, నేలని తగల్నేదు అన్నావు. కొళాయి నీళ్ళైనా ఈ నేలలోంచే గదా గొట్టం వత్తంది. నేల తగలని నీళ్ళు ఇంకెక్కడున్నాయి బావూ మాకు?"

అన్నాను. నిజమే. యంత్రం నడిపి చూపించేటప్పుడు ఎవరైనా ట్యాంకులో నీళ్ళేమిటని అడిగితే నేను చెప్పే మాట అది. ఇన్వర్టరు బ్యాటరీలో పోసుకోవచ్చని చెప్పడానికి అలా మొదలుపెట్టేవాణ్ణి. వినేవాళ్ళకి యంత్రం మీద గౌరవం పెరిగేది. ఇంటింటా కిడ్నీ జబ్బు మాటే వినిపించే, దానికి నేలలో నీళ్ళే కారణమని జనం అనుమానించే ఉద్దానంలో, ఏ నీళ్ళని నమ్మాలో తెలియక భయపడుతున్న మనిషి ముందు, టెక్కలిలో పుట్టి పెరిగిన నేను ఆ మాట అన్నాను. సిగ్గేసింది.

స్విచ్ కట్టేసి యంత్రం వెనక రేకు విప్పాను. తెల్లగుడ్డతో కాయిల్ తుడిచి ఆవిడ చేతికిచ్చాను. గుడ్డకి నల్లటి జిగురు అంటుకుంది. ట్యాంకు అడుగున వేలు పెట్టి చూడమన్నాను. పాకుడు తగిలింది. ఇది తాగే నీళ్ళ కోసం చేసిన యంత్రం కాదని, గదిలో దుమ్మూ బూజూ అన్నీ ఈ కాయిల్ మీదే పడతాయని, నీళ్ళు కాస్తే పురుగు చస్తుందేమో గానీ కాయిల్‌లోంచి దిగే రాగి, అల్యూమినియం ఎక్కడికీ పోవని చెప్పాను. ఆఫీసు తెలుగు వదిలేసి మా ఇళ్ళలో మాట్లాడే మాటల్లోనే చెప్పాను. ఆవిడ గుడ్డ వైపు చాలాసేపు చూశారు.

"అంటే ఇన్నాళ్ళూ నా సేత్తోనే పోసినానా?"

తప్పు నాదమ్మా, నువ్వు నేను సెప్పినట్టే సేసినావు అన్నాను. ఆవిడకి ఆ మాట ఊరటనిచ్చినట్టు కనబడలేదు. మంచం మీంచి దుర్యోధన అన్నాడు, "రుసే నేదు బావూ ఆ నీళ్ళకి. మా ఇంటిది అంత పేనం పెట్టి పోత్తంది గదా అని తాగినాను."

గోడకి అంటించిన ఆసుపత్రి కాగితంలో నర్సు ఫోను నంబరు ఉంది. బృందావతి గారు చెప్పలేనన్నారు. నేనే చేసి, నా పేరూ హోదా చెప్పి, ఏం జరిగిందో, ఎవరి మాట వల్ల జరిగిందో చెప్పాను. జ్వరం ఉందా, దింపిన సంచీలో ద్రవం మసగ్గా ఉందా అని నర్సు అడిగింది. సంచీని వెలుతురుకి పెట్టి చూశాం. తేటగానే ఉంది. ఆ నీళ్ళు వెంటనే ఆపమని, మర్నాడు ఉదయమే ఆ సంచీతో సహా టెక్కలి ఆసుపత్రికి తీసుకురమ్మని చెప్పింది. కంపెనీ వ్యానులో కస్టమరుని ఎక్కించకూడదు. సెలవు పెట్టి ఆటో మాట్లాడుకుని వాళ్ళతో వెళ్ళాను. రక్తం, ద్రవం పరీక్ష చేశారు. ఇన్‌ఫెక్షన్ లేదు. ఇంకొన్నాళ్ళు ఇలాగే సాగితే ఏమయ్యేదో చెప్పలేమని డాక్టరు నాకేసి చూస్తూ అన్నాడు. ఆయన చూపు న్యాయమైనదే.

కొళాయి నీళ్ళ మీద బృందావతి గారికి నా మాటతో నమ్మకం కుదరలేదు. కుదరాలని నేనూ ఆశించలేదు. నర్సు ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని గంటసేపు మాట్లాడితే ఒప్పుకున్నారు. గోడలు కడిగించాం. కిటికీ మూశాక నాలుగో రోజుకి తేమ యాభై ఐదుకి దిగింది. ట్యాంకులో అర లీటరు పడింది. ఆవిడ దాన్ని తీసుకెళ్ళి నా ఎదుటే దొడ్లో పారబోశారు.

మా కార్డుల్లో లోపానికి ఒక గడి ఉంటుంది. సూపర్‌వైజరు అక్కడ 'లోపం లేదు' అని రాయమన్నాడు. 'నడిపి చూపించేటప్పుడు టెక్నీషియన్ తప్పుడు సమాచారం ఇచ్చాడు' అని రాసి కింద సంతకం పెట్టాను. యంత్రం మీద హెచ్చరిక ఉంది గానీ, చిన్న అక్షరాల ఇంగ్లీషులో ఉంది. ఆ వారమే తెలుగులో పెద్ద అక్షరాలతో స్టిక్కర్లు కొట్టించాను.

ఈ కేసు నాకు నేర్పింది ఇది. కస్టమరు ఏ మాటల్లో ఫిర్యాదు చేస్తే ఆ మాటల్లోనే కార్డులో రాయాలి. నీళ్ళు తక్కువ పడుతున్నాయని ఆవిడ మొదటి రోజే చెప్పారు. తేమ అని మార్చి రాసింది నేను. స్టిక్కరు మీద కూడా నాకు పూర్తి నమ్మకం లేదు. అందుకని రిటైరయ్యేదాకా, ఈ యంత్రం ఎక్కడ పెట్టినా, ట్యాంకు నిండాక ఈ నీళ్ళేం చేస్తారని ఇంటివాళ్ళనే అడిగి, జవాబొచ్చేదాకా సంతకం తీసుకునేవాణ్ణి కాదు. ఎక్కువమంది మొక్కలకి పోస్తామన్నారు. రెండిళ్ళలో మాత్రం నేనేం చెబుతానో అని ముందు నా మొహం చూసి, తర్వాత పారబోస్తామన్నారు. ఆ రెండిళ్ళకీ వారం తిరక్కుండా మళ్ళీ వెళ్ళాను, ఫోను చెయ్యకుండా.