తమ్ముడికి నేలమీద గది

నా చిన్నప్పుడు, మేము బందరులో ఉండగా, మా ఇంట్లో నేలమీద కాలు మోపని మహారాజు ఒకడుండేవాడు. మా పిన్ని కొడుకు. పదకొండు నెలలు నిండినా వాడికి తెలిసిన చోట్లు రెండే: దూలానికి కట్టిన ఉయ్యాల, ఎవరో ఒకరి చంక. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. తమ్ముణ్ణి మోసి మోసి నా నడుం ఒక పక్కకి వంగిపోయిందని బళ్ళో అందరికీ గొప్పగా చెప్పుకునేదాన్ని.

పిన్నిది నాగాయలంక దగ్గర పల్లె. ఉప్పెన వచ్చినప్పుడు కడుపుతో ఉంది. ఇంట్లోకి జొరబడ్డ నీళ్ళు నడుం దాకా లేస్తుంటే అటకెక్కి ప్రాణం దక్కించుకుంది. బాబాయి అక్కడ మళ్ళీ ఇల్లు కట్టేదాకా మా దగ్గరే ఉండమని అమ్మ తీసుకొచ్చింది. బాబు మా ఇంట్లోనే పుట్టాడు. పిన్ని మామూలుగానే వండేది, నవ్వేది, నాకు జడలు వేసేది. పిల్లవాణ్ణి మాత్రం నేలమీద దించేది కాదు. ఎవరైనా దించబోతే ఆమె ముఖం పాలిపోయేది. ఎందుకని ఎవరూ అడగలేదు. అడగాల్సిన పనీ లేదు.

వాడి ఈడు పిల్లలు ఇల్లంతా పాకుతుంటే వీడు బోర్లా వేస్తే తల ఎత్తి ఉంచడానికే ఆయాసపడేవాడు. కాళ్ళలో లోపమేమీ లేదని డాక్టరుగారు చెప్పినా పిన్ని నమ్మలేదు. తను పడ్డ భయం కడుపులో బిడ్డకి పట్టుకుందని, వీడిక నడవడేమోనని లోలోపల కుమిలిపోయేది. కింద పడకుండా ఎత్తయిన కమ్మీలతో ఒక మంచం చెయ్యమని పక్కింటి సాయిబుగారికి చెప్పింది. ఆయన వడ్రంగం చేసేవారు. కొలతలకి ఆయన కూతురు వచ్చింది. నేను అక్కా అని పిలిచేదాన్ని. గుడివాడలో పసిపిల్లలకి చదువు చెప్పే ట్రైనింగు పూర్తిచేసి అప్పుడే ఇంటికొచ్చింది.

అక్క అసలు టేపే తీయలేదు. బాబుని అమ్మకిచ్చి, ఉయ్యాల కింద చాప పరిచి, "పిన్నిగారూ, ఒక్కసారి ఇలా వెల్లకిలా పడుకోండి" అంది. పిన్ని మొహమాటపడుతూనే పడుకుంది. పిలవకపోయినా నేనూ పక్కన చేరాను. ఏం కనిపిస్తోందని అడిగితే పైకి చూశాం. దూలం, సాలెగూడు, ఒక బల్లి.

"పుట్టినప్పటినుంచీ బాబు చూస్తున్నది ఇదేనండి. దీనికోసం ఎవరు మాత్రం కదులుతారు?"

నేను పకపకా నవ్వాను. పిన్ని నవ్వలేదు. లేచి కూర్చుని, "అయితే ఏం చెయ్యమంటావమ్మా?" అంది.

మర్నాటినుంచి మా నడిమి గది రూపం మారిపోయింది. ఉయ్యాల విప్పేశారు. ట్రంకుపెట్టెలు వసారాలోకి పోయాయి, అందుకు అమ్మ రెండు రోజులు సణిగింది. చాపమీద మెత్తటి బొంత పరిచారు. నిలువుటద్దాన్ని సాయిబుగారు అడ్డంగా తిప్పి, నేలకి ఆనించి గోడకి బిగించారు. జానెడు ఎత్తున ఒక బల్ల అమర్చారు. దానిమీద కొబ్బరి చిప్ప, చెక్క గరిటె, గుడ్డ బంతి, బట్టల అద్దకం పనివాళ్ళు అరిగిపోయిందని పక్కన పడేసిన చెక్క పువ్వు అచ్చు, అంతే. పట్టుకుని లేవడానికి గోడ పొడుగునా నున్నగా చిత్రిక పట్టిన సరుగుడు కర్ర. పిల్లలు తమంతట తామే కదిలి అందుకునేలా ఇలా గది అమర్చడాన్ని మాంటిసోరి పద్ధతి అంటారని అక్క చెప్పింది. పిల్లాడి గదిలో మంచమూ లేదు, ఉయ్యాలా లేదు, ఇదేం గదమ్మా అని ఇరుగుపొరుగు ముక్కున వేలేసుకున్నారు.

గది బాగానే కుదిరింది. కుదురు లేనిది నాకే. వాడు బంతివైపు చూస్తే చాలు, తీసుకెళ్ళి చేతిలో పెట్టేదాన్ని. అక్క రెండుసార్లు చూసి, "నువ్వు అందించేస్తుంటే వాడెందుకు కదులుతాడే? చేతులు ఒళ్ళో పెట్టుకు కూర్చో" అంది. తమ్ముడంటే నాకంత ప్రేమ, దాన్నే తప్పంటుందా అని ఒళ్ళు మండిపోయింది. సాయంత్రందాకా ఆవిడతో మాట్లాడలేదు.

వారం గడిచింది. పిన్ని భయపడుతూనే వాణ్ణి బొంతమీద దించేది, ఏడిస్తే పక్కన పీట వేసుకుని ఒళ్ళు నిమిరేది. వాడు మాత్రం ఉన్నచోటునుంచి కదల్లేదు. చివరికి పిన్ని ఉయ్యాల తాళ్ళు బయటికి తీసింది. "రేపట్నుంచి మళ్ళీ కట్టేస్తానమ్మాయ్, ఏమనుకోకు" అని అక్కతో చెప్పేసింది. అక్క వాదించలేదు. సరేనండి, ఈ పూటకి ఉండనిద్దాం అని గడప దగ్గర కూర్చుంది.

ఆ మధ్యాహ్నం పువ్వు అచ్చు బొంత దాటి, చాప దాటి, ఉత్త గచ్చుమీద పడి ఉంది. వాడు దానివైపు చూశాడు. తర్వాత అలవాటుగా నావైపు చూశాడు. నేను రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని బిగుసుకు కూర్చున్నాను. వాడు మూలిగాడు, మోచేతులు ఆనించాడు, పొట్ట ఈడ్చుకుంటూ జానెడు ముందుకి జరిగాడు. చాప అంచుకి చేరి మళ్ళీ జరగబోతే గడ్డం గచ్చుకి తగిలింది. పిన్ని సగం లేచింది. ఆమె కుడిచెయ్యి ముందుకి వెళ్ళింది. ఆ చేతినే ఎడమచేత్తో మణికట్టు దగ్గర పట్టుకుని, గాజులు నొక్కుకుపోతున్నా వదలకుండా, మళ్ళీ కూర్చుంది. వాడు ఏడవలేదు. చాప దాటి వెళ్ళి అచ్చు అందుకుని నోట్లో పెట్టుకున్నాడు.

పిన్ని పీట దిగింది. వాడు పాకినచోట గచ్చుమీద అరచెయ్యి ఆనించి చూసింది. కొంచెం పక్కన మళ్ళీ ఆనించి చూసింది.

"పొడిగానే ఉందే" అని తనలో తను అనుకున్నట్టు అంది. తర్వాత భోరున ఏడ్చింది. ఉప్పెన తర్వాత ఆమె ఏడవడం నేను చూసింది అదే మొదటిసారి.

మరో రెండు నెలలకి వాడు కర్ర పట్టుకుని లేచి నిలబడ్డాడు. నేను పెద్దదాన్నై ఇద్దరు పిల్లల్ని పెంచాను గానీ, అలాంటి గది ఎప్పుడూ అమర్చలేకపోయాను. ఇప్పుడు మా మనవరాలు గౌనుకి గుండీ పెట్టుకోవడానికి తంటాలు పడుతుంటే నా చెయ్యి దానంతటదే లేస్తుంది. ఇంకో చేత్తో పట్టుకుని కూర్చుంటాను. ఒక గుండీ దగ్గరే నాకింత కష్టమైతే, నీళ్ళలోంచి బతికి బయటపడ్డ మా పిన్ని ఆ పూట తన చేతిని ఎలా ఆపుకుందో.