‘రాలేదు’ అని రాసిన గడి

మా చెల్లెలికి అసహ్యమంటే తెలియదు. దాని వాటా కూడా నాకే వచ్చినట్టుంది. డాక్టరు చదువు మొదటి ఏడాదిలో శవాన్ని కోసి వచ్చి, ఆ మందు వాసన వదలని చేతులతోనే అన్నానికి కూర్చునేది. హౌస్ సర్జన్ అయ్యాక చీము పట్టిన పుండ్ల కబుర్లన్నీ భోజనాల దగ్గరే మొదలుపెట్టేది.

"ముద్ద దిగనివ్వవే తల్లీ" అని మొత్తుకుంటే, "మనం తింటున్నామని పుండుకేం తెలుసక్కా?" అనేది.

పై చదువులో పరిశోధన అప్పగించారు. పేగుపూతకి ఒక కొత్త మాత్ర. అది వేసుకునేవాళ్ల మలం డబ్బాల్లో తెప్పించుకుని పరీక్షించాలి. వాళ్లలో ఒక టైలర్ ఉండేవాడు. డబ్బా తెచ్చివ్వాల్సిన వాయిదా రోజున అందరికంటే ముందు వచ్చేవాడు. డబ్బాకి గుడ్డసంచి కూడా కుట్టి తెచ్చి, "మీ చేతికి అంటకూడదమ్మా" అన్నాడట. ఏడో వారంలో రక్తం కక్కుకుని మా చెల్లెలి వార్డులోనే పోయాడు.

ఆ పరిశోధన చేయించే ప్రొఫెసర్, పట్టికలో అతని గడిలో ‘రాలేదు’ అని రాయించాడు. చనిపోయాడంటే మాత్ర మీద అనుమానం వస్తుంది కదా. ఆయన ఒప్పుకుంటేనే మా చెల్లెలికి పట్టా.

"పోయినవాడు రాలేదుగా, ఇందులో అబద్ధమేముంది?" అని నవ్వాడట. ఛీ, అదీ ఒక నవ్వేనా.

ఇది ఆ పట్టిక కింద సంతకం పెట్టింది. ఇంటికొచ్చి సబ్బు అరిగేదాకా చేతులు కడుక్కుంది. అన్నం పెడితే "వద్దక్కా, చేతులు ఇంకా వాసనొస్తున్నాయి" అంది. సంగతి విన్నాక నాకు ప్రొఫెసర్ మీదే కాదు, దాని మీద కూడా రోత పుట్టింది. ఆ మాట దాని మొహం మీదే అనేశాను.

తర్వాతి వాయిదాకి టైలర్ భార్య వచ్చింది, అందరికంటే ముందే. మిగిలిన మాత్రలూ, గుడ్డసంచిలో వాడని డబ్బాలూ బల్ల మీద పెట్టింది.

"వాయిదా తప్పకూడదనేవారమ్మా ఆయన. ఇవి మీవి కదా, ఇచ్చేసి పోదామని వచ్చాను."

చెల్లెలు నేరుగా ప్రొఫెసర్ గదికి వెళ్లి ఆమె వచ్చిందని చెప్పింది. ఆయన తలెత్తకుండానే, "ఆవిడ కూడా రాలేదనుకో" అన్నాడు.

ఆ పట్టిక ఆయన బల్ల మీదే ఉంది. చెల్లెలు ‘రాలేదు’ కొట్టేసి, ‘చనిపోయారు’ అని రాసి, కింద మళ్లీ సంతకం పెట్టి వచ్చేసింది.

ఆ పూట డబ్బాల కబుర్లు చెబుతూ మారు అడిగి మరీ తిన్నది. నాకు ముద్ద దిగకపోయినా దాన్ని ఆపలేదు.

పట్టా ఇప్పటికీ రాలేదు. ఈ ‘రాలేదు’ మాత్రం నిజం.