రేపల్లె కాందిశీకుడు

ఆ రోజుల్లో తెనాలిలో సాహిత్య సభంటే వేదిక మీద ఉన్నంతమంది కింద ఉండేవారు కాదు. (కిందున్నవాళ్ళలో కొందరు పైవాళ్ళ భార్యలు.) కొత్తగా కాలేజీలో ఉద్యోగంలో చేరి, సాహిత్య సేవ చేసెయ్యాలని ఉబలాటపడుతున్న నాకు మా సంఘం వందన సమర్పణ అప్పగించింది. అంటే లేచి వెళ్ళిపోతున్నవాళ్ళ వీపులకు కృతజ్ఞతలు చెప్పడమన్నమాట.

ఒక ఏడాది కాందిశీకుల వెతలపై సభ పెట్టారు. వక్తలంతా సిద్ధం, కాందిశీకులే లేరు. బాపట్లలో మా వీధి చివర ఉండే బర్మా మామ్మను తెచ్చే పని నా నెత్తిన పడింది. చిన్నప్పుడు యుద్ధం రోజుల్లో రంగూన్‌ నుంచి కట్టుబట్టలతో ఓడెక్కి వచ్చిన మనిషి. సభలో శాలువా కప్పుతామన్నాను. "శాలువా ఎందుకురా ఈ ఉక్కలో? మైకిప్పిస్తావా? మా పక్కింటి చిట్టెమ్మ, నేనూ మద్రాసు రేవులో తప్పిపోయాం. వాళ్ళది రేపల్లె వైపే. ఎవరికైనా తెలుసేమో ఒక్కసారి అడుగుతాను" అంది. ఇప్పిస్తానని గొప్పగా మాటిచ్చాను.

మామ్మ పట్టుచీర కట్టుకుని, చేతినిండా గాజులతో దిగింది. మా కార్యదర్శి మొహం మాడిపోయింది. "ఏంటండీ మామ్మగారూ, పెళ్ళికొచ్చినట్టు! కాందిశీకులంటే కాస్త..." అని నసిగాడు.

"చిరిగినవన్నీ అక్కడే వదిలేసొచ్చాం బాబూ" అంది మామ్మ.

ఇక అధ్యక్షులవారు మైకు పట్టుకున్నారు. "బర్మా దాకా ఎందుకండీ? నేనూ కాందిశీకుణ్ణే! రేపల్లెలో పుట్టి, తెనాలికి విసిరివేయబడ్డాను!" అని కండువాతో కళ్ళొత్తుకున్నారు. ఆ విసిరివేత ఎంతసేపు సాగిందంటే, మిగతా వక్తలు ఆవలింతల్లోనే ప్రసంగాలు ముగించుకున్నారు. చివరికి మామ్మకు శాలువా కప్పి, ఫొటో తీసి, కూర్చోబెట్టేశారు. "టైమైపోయింది, ఉప్మా చల్లారిపోతోంది, కానివ్వండి" అని కార్యదర్శి నాకు సైగ చేశాడు.

నాకు ఒళ్ళు మండింది. వందనాలు గాలికొదిలేసి, మైకు తీసుకెళ్ళి మామ్మ చేతిలో పెట్టాను. మామ్మ చిట్టెమ్మ గురించి అడిగింది. లేచినవాళ్ళు లేచినట్టే నిలబడిపోయారు గానీ, తెలుసన్నవాళ్ళు లేరు. అప్పుడు అధ్యక్షులవారి వైపు తిరిగి, "అయ్యా, మీది రేపల్లేనంటగా, మీరన్నా ఎరుగుదురా?" అంది.

"నేనటు వెళ్ళి చాలా ఏళ్ళయిందమ్మా."

"అయ్యో, రైలు లేదా అయ్యా? మా రంగూన్‌కైతే లేదు గానీ" అంది మామ్మ, నిజంగానే జాలిపడుతూ.

ఆ ఆదివారం మామ్మా నేనూ రేపల్లె రైలెక్కి వీధి వీధీ తిరిగాం. చిట్టెమ్మ జాడ తెలియలేదు. తిరిగొస్తూ కిటికీ పక్కన కూర్చుని, "పోనీలేరా, మైకులో దాని పేరన్నా వినపడింది" అంది. నాకు ఏడుపొచ్చింది.

మామ్మ పోయి చాలా కాలమైంది. ఇప్పుడు అధ్యక్షుణ్ణి నేనే. మొన్నొక సభలో కండువా సర్దుకుని, "నేనూ వలసజీవినే! పుట్టిన బాపట్లను వదిలి..." అని అందుకున్నాను. గొంతు కూడా బాగానే వణికింది. అంతలో రైలు లేదా అయ్యా అని మామ్మ అడిగినట్టనిపించింది. పకాలున నవ్వొచ్చేసింది. ఏమైందని సభంతా చూస్తుండగా, మైకు పక్కవాళ్ళకిచ్చి కూర్చున్నాను.