మా పెద్దోడి ఇల్లరికం

మొన్న నారాయణగూడ మార్కెట్‌కు కూరగాయలకని వెళ్ళి, కొత్తిమీర కట్ట తప్ప మరేదీ కొనకముందే చెరుకు దగ్గర ఆగిపోయాను. గోడకు ఆనించి నిలబెట్టిన నల్ల చెరుకు, చివరి ఆకులు ఇంకా పచ్చగానే ఉన్నాయి. నా చేయి నన్ను అడక్కుండానే ఒక్కో గడనూ తిప్పి చూడసాగింది. కణుపుకూ కణుపుకూ మధ్య ఎంత ఎడముంది, మొదలు దగ్గర ఎర్రబడిందా, కోసిన చోట పులిసిన వాసన వస్తోందా? చెరుకు అమ్మే ఆమె పాలమూరు వైపు మనిషి. కాసేపు నన్ను చూసి నవ్వి, "ఏంది పెద్దాయనా, పెండ్లిపిల్లను చూసినట్టు చూడవడ్తివి? నమలనీకి పండ్లన్న ఉన్నయా?" అంది. లేవని ఒప్పుకుని రెండు గడలు కొన్నాను. వాటిని భుజాన పెట్టుకుని చిక్కడపల్లి వైపు నడుస్తుంటే అశోక్‌నగర్ నుంచి వచ్చే కోచింగ్ కుర్రాళ్ళు పక్కకు తప్పుకుని దారిచ్చారు. ఆ గడలు ఎవరి కోసం కొన్నానో వాళ్ళకు తెలియదు. నిజం చెప్పాలంటే కొన్నప్పుడు నాకూ తెలియదు.

నేను ఉద్యోగం చేసింది జూలో. పదవీ విరమణకు ముందు చాలా ఏళ్ళు ఏనుగుల ఆవరణ నా బాధ్యత. అక్కడ మగ ఏనుగు ఒక్కటే ఉండేది. దానికి రికార్డుల్లో ఏదో గంభీరమైన పేరుంది కానీ, మావటీ నేనూ పెద్దోడనే పిలిచేవాళ్ళం. మగ ఏనుగును సాకడం ఆడ ఏనుగును సాకడం లాంటిది కాదు. ఏడాదిలో కొన్ని నెలలు మదం వస్తుంది, కణతల నుంచి జిగురుగా ద్రవం కారుతుంది. ఆ నెలల్లో రోజూ తినిపించే మావటిని కూడా దగ్గరికి రానివ్వదు. తిండి తగ్గించి, గొలుసులు చూసుకుని, గేటు అవతలి నుంచే నీళ్ళు పట్టి ఓపిగ్గా ఎదురుచూడాలి. ఎదురుచూసేవాణ్ణి. ఏదో ఒక ఉదయం నా స్కూటర్ చప్పుడు వినగానే పెద్దోడు చెవులు ముందుకు వేసి, గొంతులో సన్నగా గురగురమనేవాడు. ఆ రోజుతో మదం దిగినట్టు లెక్క. ఆ శబ్దం చెవికంటే ముందు గుండెలో వినిపిస్తుంది. అది నా స్కూటర్ చప్పుడుకే కాబట్టి ఆ పలకరింపు నాదేనని నా నమ్మకం.

మా ఆవిడకు పెద్దోడంటే పడేది కాదు. కాలేజీ రోజుల నుంచీ డైరీ రాసే అలవాటు నాది. ఆమె వాటిని ఎప్పుడూ తెరవలేదు కానీ, వాటిలో తనకంటే ఏనుగే ఎక్కువసార్లు వస్తుందని కచ్చితంగా నమ్మేది. నేను వాదించే స్థితిలో లేను. "నా సవతికి తొండమున్నది" అని చుట్టుపక్కలవాళ్ళకు చెప్పేది. పండగపూట నేను ఆలస్యంగా వస్తే వాకిట్లోనే అడ్డం నిలబడి, "ఇంటికెందుకొచ్చిండ్రు? గా గొలుసు పక్కకే జర ఇంత చాప ఏసుకొని పండుకోకపోతిరి" అనేది. అన్నం మాత్రం వేడిగానే పెట్టేది.

తొంభైల నడిమి ఒక చలికాలంలో పెద్దోణ్ణి పంపించాలని ఉత్తర్వు వచ్చింది. కారణం సబబైనదే. మా దగ్గరున్న ఆడ ఏనుగులన్నీ వాడికి తోబుట్టువులో కూతుళ్ళో అవుతాయి. మనుషులు గోత్రం చూసుకున్నట్టే జూల మధ్య కూడా చూసుకోవాలి. సముద్రపుటొడ్డు ఊళ్ళోని ఒక జూలో వయసుకొచ్చిన ఆడ ఏనుగు జత లేకుండా ఉంది. దాన్ని ఇక్కడికి తెచ్చినా పెద్దోడు తోబుట్టువులూ కూతుళ్ళ మధ్యే ఉండిపోతాడు, కాబట్టి వీడే వెళ్ళాలి. మా పై అధికారి ఇదంతా నాకు వివరించి, "అంటే ఇల్లరికమన్నట్టు, సమజైందా?" అని తన మాటకు తానే నవ్వారు. నేనూ నవ్వాను. వచ్చే మదం లోపు పంపలేకపోతే ఆ ఏడాదికి ప్రయత్నం మానేద్దామని కూడా అన్నారు. నాకు ఆ చివరి మాటే గుర్తుండిపోయింది.

ఇలా పంపేటప్పుడు ఒక పద్ధతి ఉంది. తీసుకెళ్ళే జూ మనిషి ముందుగానే వచ్చి కొన్ని వారాలు మకాం వేస్తాడు. తన చేత్తో తిండి పెట్టి, తన గొంతు అలవాటు చేసి, తన వెంట తీసుకుపోతాడు. కొత్త ఊళ్ళో దిగే జంతువుకు తెలిసిన గొంతు ఒక్కటైనా ఉండాలి కదా. అలా వచ్చినాయన నాకంటే పదేళ్ళు చిన్న. గుండ్రటి మొహం, గట్టి గొంతు, ప్రతి మాట చివరా 'అండి'. జూ క్వార్టర్ల కప్పు మరమ్మతుకు విప్పి ఉండడంతో ఆయనకు చిక్కడపల్లిలో మా పై గది ఇచ్చాను. రోజూ నా స్కూటర్ వెనక కూర్చోబెట్టుకుని, నారాయణగూడ, కోఠి మీదుగా మూసీ దాటించి, నా ఏనుగును నా దగ్గర్నుంచి తీసుకుపోవడానికి ఆయన్ను నేనే మోసుకెళ్ళేవాణ్ణి.

ఆయన కొబ్బరికాయలతో మొదలుపెట్టాడు. వాళ్ళ ఊరి నుంచే సంచుల్లో తెచ్చుకున్నాడు. పెద్దోడు కొబ్బరికాయను కాలి కింద ఎంత నాజూగ్గా పగలగొట్టుకునేవాడంటే, మా చెరుకు తినేటప్పుడు ఆ శ్రద్ధ ఎన్నడూ చూడలేదు. వారం తిరిగేసరికి ఆయన గొంతు వింటే తొండం చాచసాగాడు. ఒక ఉదయం స్కూటర్ ఆపగానే గురగురమన్నాడు. నేను పొంగిపోయి చేయి ఎత్తేలోపు వెనక సీటు నుంచి ఈయన, "వస్తన్నానొరే, వస్తన్నా!" అని కేకేశాడు. ఆ పలకరింపు ఎవరికని నేను పెద్దోణ్ణి అడగలేను కదా. ఆ రోజంతా ఆయన చేసిన ప్రతి పనిలో లోపం వెతికాను. గొలుసు కట్టిన తీరు బాగుంది. నీళ్ళు పట్టిన తీరు బాగుంది. ఎక్కడా లోపం దొరక్కపోవడంతో ఇంకా మండిపోయింది. సాయంత్రం పై అధికారి అడిగితే, "ఫరవాలేదు సార్, నేర్చుకుంటున్నాడు" అన్నాను.

ఇక ఇంట్లో పరిస్థితి వేరు. సవతిని తీసుకుపోవడానికి వచ్చిన మనిషంటే మా ఆవిడకు ప్రాణం. ఉల్లాకు వేసి పప్పు, మటన్ లేని రోజు గుడ్లు, వేడి వేడి జొన్నరొట్టెలు. "ఇంకో రొట్టె ఏసుకో తమ్మీ, ఏనుగును తోల్కపోవుడంటే మాటలా, బలం గావాలె" అనేది. "బాబోయ్, చాలండి అక్కగారూ, నన్నే క్రేటులో ఎక్కించాల్సొస్తదండి" అనేవాడాయన. ఇద్దరూ నవ్వేవాళ్ళు. నేను మజ్జిగ కలుపుకునేవాణ్ణి.

ఒకరోజు తిరిగి వస్తూ కోఠిలో చాయ్ తాగుతుంటే ఆయనే తన ఏనుగు సంగతి చెప్పాడు. తల్లి చనిపోయిన గున్నను సీసాతో పాలు పట్టి పెంచాడట. 'మా అమ్మాయి' అనేవాడు. ఆయన సైకిల్ గంట వింటే గేటు దాకా పరుగెత్తుకొస్తుందట. "సంబంధం వచ్చిందంటే నాకు నాలుగు రోజులు అన్నం సయించలేదండి. పిల్లోడెలాంటోడో నా కళ్ళతో చూడాలని పట్టుబట్టి వచ్చానండి" అన్నాడు. ఆ పూట చాయ్ డబ్బులు నేనే ఇచ్చాను.

తర్వాత వాళ్ళ ఊరి నుంచి లారీ మీద క్రేటు వచ్చింది. ఇనుప పట్టీలు కొట్టిన పెద్ద చెక్క పెట్టె. దాన్ని ఆవరణ గేటుకు ఆనించి, రెండు వైపులా తలుపులు తెరిచి, రోజూ మేత లోపలే పెడతారు. ఏనుగు భయం లేకుండా వచ్చిపోవడం అలవాటయ్యాక ఒకరోజు తలుపులు వేస్తారు. బయటి జూ నుంచి ఏ వస్తువు వచ్చినా రోగాల భయం కొద్దీ ముందు కడిగించడం మా నియమం, అందులోనూ నా నియమం. క్రేటు దించగానే లోపలున్న గడ్డి ఊడ్పించి, కాల్పించి, ఫినాయిలుతో మూలమూలలా కడిగించాను. ఈయన తాళ్ళు కొనుక్కుని వచ్చి, క్రేటులోకి తల పెట్టి చూసి, రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు.

"అయ్యో సార్! ఎంత పని చేశారండి! అది మా అమ్మాయి పడుకున్న గడ్డండి!"

వాళ్ళ జూలో అదీ పద్ధతి. ఆడ ఏనుగు కొట్టంలోని గడ్డిని, దాని తడీ వాసనతో సహా, క్రేటులో పరిచి పంపుతారు. మగ ఏనుగు ఆ వాసన పట్టుకుని లోపలికి వస్తుంది. గడ్డి ఎందుకు వేశారో ఎవరైనా అడుగుతారని ఆయన అనుకోలేదు, కడగొద్దని ఎవరైనా చెప్తారని నేను అనుకోలేదు. ఎవరి శుభ్రత వారిది.

పెద్దోడు ఫినాయిలు వాసన చూసి, క్రేటు మీద తొండంతో దుమ్ము పోసి వెనక్కి తిరిగాడు. మర్నాడూ అంతే. కొబ్బరికాయ చూపిస్తే గుమ్మం దాకా వచ్చి, తొండం సాగినంత సాచి అందుకుని వెళ్ళిపోయేవాడు. రోజులు గడుస్తున్నాయి, మావటి రోజూ కణతలు తడిమి మదం జాడ చూస్తున్నాడు. ఈయన గొంతు బొంగురుపోయింది, మొహం పాలిపోయింది. నేను స్కూటర్ మీద ఈల వేసుకుంటూ ఇంటికొస్తున్నానని మా ఆవిడే కనిపెట్టింది. "ఏంది, మస్తు ఖుషీ మీదున్నరు? పోతలేదా గది?" అంది. చివరికి పెద్దోణ్ణి పిలవమని పై అధికారి నాకే చెప్పారు. చెరుకు గడ పట్టుకుని క్రేటు అవతలి తలుపు దగ్గర నిలబడి, ఎన్నో ఏళ్ళుగా పిలిచినట్టే పిలిచాను. నా మాట మీద రావాలని ఉంది. వస్తే పోతాడు. రాకూడదని ఉంది. రాకపోతే అక్కడున్న వాళ్ళందరి ముందూ నేనూ ఆయనా ఒకటే. పెద్దోడు నన్ను చూశాడు, చెవులు ఆడించాడు, గొంతులో గురగురమన్నాడు. అడుగు మాత్రం వేయలేదు.

ఆ సాయంత్రం ఈయన చిక్కడపల్లి ఎస్టీడీ బూత్ నుంచి ఊరికి ఫోన్ చేశాడు. రెండో రోజు సాయంత్రానికి రైలు పార్సిల్లో నిండా కుక్కిన గోనెసంచి ఒకటి దిగింది. స్టేషన్ నుంచి తెచ్చి మెట్ల కింద పెట్టాం. కాసేపటికి ఇల్లంతా అడవిలా, పశువుల పాకలా, ఇంకేదో తీపి పులుపులా ఒక వాసన. మా ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వచ్చింది.

"ఏందిది? ఏం దెచ్చి పెట్టిండ్రు నా ఇంట్ల?"

"పెళ్ళికూతురు పక్కగుడ్డలండి అక్కగారూ. పొద్దున్నే తీసేస్తామండి."

ఆమె కాసేపు సంచిని చూసింది. నన్ను చూసింది. లోపలికి వెళ్ళి కుంకుమభరిణ తెచ్చి, గోనెసంచికి ఒక బొట్టు పెట్టింది. "కోడలు మొదటిసారి ఇంటికొచ్చె. ఒట్టిగ పంపుతమా?" అంది. సవతిగా ఇన్నేళ్ళు తిట్టిన మనిషి ఆ క్షణాన అత్తగారైపోయింది. నాకు మాత్రం ఏ పదవీ మిగల్లేదు. ఇక ఆయన మీద కుళ్ళుకోవడం మానేసి, ఆ గోనెసంచి మీద మొదలుపెట్టాను.

మర్నాడు ఆ గడ్డి క్రేటులో పరిచారు. గుమ్మానికి ఒక పక్క చెరుకుతో నేను, మరో పక్క కొబ్బరికాయతో ఆయన. పెద్దోడు మామూలుగానే వచ్చాడు. తొండం కొన నేలకు తాకించి ఆగాడు. ఒక గడ్డిపోచను ముట్టి, తొండం కొనను నోట్లో పెట్టుకుని కళ్ళు సగం మూశాడు. మళ్ళీ ముట్టాడు. తర్వాత మా ఇద్దరి మధ్య నుంచి, నా భుజానికి వాడి పక్క రాసుకునేంత దగ్గరగా, నిదానంగా లోపలికి నడిచాడు. చెరుకు చూడలేదు. కొబ్బరికాయ చూడలేదు. వెనక తలుపు దించుతున్న చప్పుడుకు తల కూడా తిప్పలేదు.

అందరూ చప్పట్లు కొట్టారు. మేమిద్దరం పక్కనున్న అరుగు మీద కూలబడ్డాం. ఆయన, "మనిద్దర్నీ చూళ్ళేదండి సార్" అన్నాడు.

"సూడలే" అన్నాను.

"అక్కడ మా అమ్మాయీ ఇంతేనేమోనండి ఇక" అన్నాడు. గట్టి గొంతు మనిషి, ఆ మాట మాత్రం చాలా మెల్లిగా అన్నాడు. చేతిలో కొబ్బరికాయను అరుగుకు కొట్టి పగలగొట్టి, సగం నాకిచ్చాడు. నేను చెరుకు విరిచి సగం ఆయనకిచ్చాను. ఏనుగు తినాల్సిన తిండి ఇద్దరం తిన్నాం. చెరుకు బాగుంది. కొబ్బరి ఇంకా బాగుంది. ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకు అభ్యంతరం లేదు.

లారీ వెంట వెళ్ళిన ఆయన దగ్గర్నుంచి తర్వాతి వేసవిలో కార్డు వచ్చింది. పెద్దోడు కులాసా అనీ, జంట విడవకుండా తిరుగుతున్నారనీ, సైకిల్ గంట కొడితే 'మా అమ్మాయి' ఇప్పుడు చెవి మాత్రం కదిపి ఊరుకుంటోందనీ రాశాడు. అది చదివి నాకు కొంచెం తృప్తి కలిగింది. ఆ వెంటనే జాలేసింది. రెండూ కలిసి వచ్చాయని ఆ రోజు డైరీలో రాసుకున్నాను. జవాబు మాత్రం పెద్దదే రాశాను. ఆ పైన ఎన్నో ఏళ్ళు ఉత్తరాలు నడిచాయి. జూలో గేటు దగ్గర స్కూటర్ ఆపాక ఒక నిమిషం ఊరికే నిలబడే అలవాటు నన్ను ఉద్యోగం వదిలే దాకా వదల్లేదు.

మొన్న ఆ రెండు గడలతో ఇంటికి చేరేసరికి మా ఆవిడ గుమ్మంలోనే ఉంది. మోకాళ్ళ నొప్పులతో కుర్చీ అక్కడికే లాక్కుంది. చెరుకు చూడగానే సంగతి అర్థమైపోయింది. ఇన్నేళ్ళలో ఆమె మొహం చాలా మారింది కానీ, ఆ మూతి విరుపు మాత్రం మారలేదు. "గా ఏనుగుకు పొద్దుగాల్నే లేచి, కణుపులు దీసి, ముక్కలు గొట్టి పెడుతుంటిరి. నాకెప్పుడన్న ఒక్క ముక్క గోసి పెట్టిండ్రా?" అంది.

ఆ మాటకు నాకు కలిగిన సంతోషం ఇంతని చెప్పలేను. కత్తి తెచ్చి, నేల మీద చతికిలబడి, పొట్టు తీసి, పళ్ళు లేని ఇద్దరం చప్పరించడానికి వీలుగా సన్నసన్నగా కోయడం మొదలుపెట్టాను. ఆమె ఒక ముక్క నోట్లో వేసుకుని, తీపి తక్కువుందని వంక పెట్టింది. ఏనుగు పోయింది, ఉద్యోగం పోయింది, స్కూటర్ పోయింది. కాలం చేతికందినవన్నీ ఎత్తుకుపోతూ, ఆమె కుళ్ళుబోతుతనాన్ని మాత్రం ఎందుకూ పనికిరానిదనుకుని మా గుమ్మంలోనే వదిలేసి వెళ్ళింది.